గులకరాళ్ళ తోటలో చెరువు మట్టి

1973 మే 12, శనివారం. ఆకాశంలో మబ్బు తునక లేదు; వేడిగాలికి ద్రాక్ష పందిళ్ళ మీది ఎండుటాకులు గలగలమంటున్నాయి, మడకశిర దారిలో తారు మెత్తబడి ఎడ్ల గిట్టలకు అంటుకుంటోంది. ఆ దారి పక్కన దొన్నెగుట్ట అనే ఊళ్ళో, పక్కవాడిది ఏది చూసినా తనది చిన్నబోయిందని కుమిలిపోయే చౌడప్ప అనే పడుచువాడు ఉండేవాడు. కష్టజీవే, కాదనను.

చౌడప్పకూ అతని చెల్లెలు సుగుణకూ మేనత్త గిరిజమ్మ. పిల్లలు లేని మనిషి. గుట్ట వాలులో ఆమెకు చిన్న ద్రాక్షతోట ఉండేది. నేలంతా గులకరాళ్ళే. పురుగుమందులు, మూటల ఎరువులు ఆ తోట ఎరుగదు. కోత అయిపోగానే గిరిజమ్మ అందులో గొర్రెలమంద కట్టించేది, వేపపిండి వేయించేది, అంతే. గుత్తులు చిన్నవి. పండ్లు నల్లగా గోలీల్లా ఉండేవి. నోట్లో వేసుకుంటే మాత్రం మాట ఆగిపోయేది. మా మామ ఒకాయన హిందూపురం స్టేషన్లో ఆ పండ్లు తింటూ కూర్చుని, కళ్ళెదుటే ఉన్న రైలు పోగొట్టుకున్నాడు. అది వేరే కథ.

ఆ శనివారం గిరిజమ్మ మేనల్లుణ్ణీ మేనకోడల్నీ పిలిచి, తోట నడుమ పందిరి మోసే రాతి కూసాలకు అడ్డంగా తాడు కట్టింది.

"తూర్పు సగం చౌడనిది, పడమటి సగం సుగుణది. ఒక పంట చూస్తా. బాగా చూసుకున్నవాళ్ళకే, నా తర్వాత తోట మొత్తం," అంది.

"నువ్వింకా నూరేళ్ళుంటావులే అత్తా," అన్నాడు చౌడప్ప.

"నేనుంటే నీకేం లాభం రా?" అని ఆమె నవ్వింది.

గుట్ట దిగువన నల్లరేగడిలో ఫకీరప్ప తోట ఉండేది. అక్కడ గుత్తులు మోచెయ్యంత పొడవు. పొద్దున లేస్తే చౌడప్ప చూపు అటే.

"ఫకీరప్పన్నా, నీ తోటకు ఏం పెడతావు?" అని ఒకరోజు అడిగాడు.

"నేను పెట్టేదేముందప్పా, అంతా నేలే పెడుతుంది," అన్నాడు ఫకీరప్ప.

అయితే తన నేలను కూడా అట్లాంటి నేలగా మార్చేస్తే సరి, అనుకున్నాడు చౌడప్ప.

మా వైపు వేసవిలో చెరువు ఎండితే అడుగు మట్టి బండ్లతో తోలి చేలకు వేస్తారు. మంచి పద్ధతే. ఆ మట్టి పడిన వేరుశనగ చేను చూసి తీరాలి. చౌడప్ప అత్త బండి కట్టాడు. రాళ్ళన్నీ ఏరాడు, ఆ రాళ్ళతోనే వరుసల చివర కట్టలు పోశాడు, లోపల చెరువు మట్టి నింపాడు. వేసవంతా అదే పని. మధ్యమధ్య చెల్లెల్ని ఏడిపించేవాడు.

"ఏమే సుగుణా, నువ్వు రాళ్ళు పండిస్తావా? గుత్తికో గులకరాయి కాస్తుందేమో చూడు!"

సుగుణకు రోషం వచ్చింది. తనూ బండి అడుగుదామనుకుంది. అంతలో ఎందుకో ఒక తీగ మొదట్లో గుంత తవ్వి చూసింది. వేర్లు రాళ్ళ సందుల్లోంచి కిందికి, ఇంకా కిందికి, ఆమె చెయ్యి అందనంత లోతుకు పోయి ఉన్నాయి. మట్టి చేతులతోనే అత్త దగ్గరికి పరుగెత్తింది.

"అత్తా, ఈ రాళ్ళు నువ్వెందుకు ఏరించలేదు?"

"అమ్మయ్య, ఒకరన్నా అడిగినారు! ఈ తీగల మొదట్లో నీళ్ళు నిలవకూడదమ్మా. రాళ్ళ సందున జారిపోవాల. అప్పుడే వేరు నీళ్ళను వెతుక్కుంటా లోతుకు పోతుంది. ఆ తీపి అట్ల వచ్చిందే."

"మరి అన్నకు చెప్పలేదేం?"

"చెప్పబోయినా. 'నీకు తెలీదులే అత్తా' అని ఎడ్లను అదిలించినాడు."

సుగుణ ఇక బండి మాట ఎత్తలేదు.

ఆ ఏడు వానాకాలం వానలు అంతంతమాత్రమే. కార్తీకంలో కత్తిరింపులయ్యాక చౌడప్ప సగం ఎగదన్నుకొని పెరిగింది. ఆకులు విస్తర్లలా పరుచుకున్నాయి, గుత్తుల బరువుకు పందిరి వంగింది. చౌడప్ప దారినపోయే వాళ్ళను కూడా పిలిచి చూపించేవాడు. పండు ఇంకా పుల్లగానే ఉందని ఒకరిద్దరు అన్నారు. అతను వినిపించుకోలేదు. సుగుణ గుత్తులు పిడికిలంతే. తోట అన్నకే దక్కుతుందని ఆమె దాదాపు నిశ్చయించుకుంది.

ఫాల్గుణంలో, ఇక కోతకు దిగుదామనగా, అకాల వాన పట్టుకుంది. ఫకీరప్ప మబ్బు చూసిన రోజే కోసేసుకున్నాడు. నీళ్ళు పట్టుకునే నేల తనదని అతనికి తెలుసు. గుట్ట మీద రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది.

వాన వెలిసిన పొద్దున గిరిజమ్మ తాడు దగ్గరికొచ్చి, తాడుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడింది. సుగుణ వైపు కాలికి తడి రాళ్ళు తగిలాయి, అంతే; పైన గుత్తులు చెక్కుచెదరలేదు. చౌడప్ప వైపు కాలు పిక్క దాకా దిగబడింది. లాగితే కాలొచ్చింది గానీ చెప్పు రాలేదు. చౌడప్ప వంగి బురదలో చేతులు పెట్టి దేవుతున్నాడు. నిలిచిన నీళ్ళు తాగి పైన పగిలిపోయిన పండ్ల రసం అతని మెడ మీద చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"చెప్పు దొరకలేదత్తా," అన్నాడు బిక్కమొహంతో.

"వెతుకురా. నీ బుద్ధి కూడా అక్కడే పడి ఉంటుంది. రెండూ కలిపి తీసుకురా."

సుగుణ పకపకా నవ్వింది. కళ్ళనిండా నీళ్ళున్నా చౌడప్పకూ నవ్వొచ్చింది.

"తీగలు చచ్చిపోతాయా అత్తా?"

"మట్టి తీసేస్తే బతుకుతాయి."

ముందు పార అందుకున్నది సుగుణే. అన్నాచెల్లెళ్ళు కట్టలు తెంచి నీళ్ళు వదిలారు. తర్వాత ఆ మట్టినంతా చౌడప్ప మళ్ళీ బండికెత్తి తమ వేరుశనగ చేనుకు తోలాడు. ఆ ఏడు చేను విరగకాసింది.

కొన్నేళ్ళకు గిరిజమ్మ కన్నుమూసింది. తోట రెండు సగాలూ సుగుణకు వచ్చాయి. బండీ ఎడ్లూ చౌడప్పకు వచ్చాయి. తోటలో అతనికి ఒక్క తీగ కూడా దక్కలేదు. అయినా కోతల రోజుల్లో చెల్లెలి ద్రాక్ష గంపలు ఆ బండి మీదే సంతకు తోలుతూ, "మట్టి తోలినవాడికి బండి కాక ఇంకేమిస్తుంది మా అత్త!" అని తనే అందరికీ చెప్పి నవ్వేవాడు.

నీతి: పక్కవాడి నేలను చూసి మన నేలను మార్చబోయే ముందు, మన నేల గుణమేమిటో అడిగి తెలుసుకోవాలి.