చూడవచ్చినవాళ్ళు

ఎవరైనా ప్రశ్న అడిగితే భావనాచార్యులవారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. వీలుంటే అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవారు.

ఆయన శిష్యురాలు కాత్యాయని ఆ ఊరి పరిశీలన బృందంలో ఉండేది. ఆసుపత్రులు, శరణాలయాలు ఎలా నడుస్తున్నాయో బయటివాళ్ళుగా వెళ్ళి చూసి, చూసింది ఊరికి చెప్పడం ఆ బృందం పని. ఒకనాడు ఆమె అడిగింది: "గురువుగారూ, మాకు ఏ అధికారమూ లేదు. ఊరికే చూసి వస్తాం. అందువల్ల ఎవరికైనా మేలు జరుగుతుందంటారా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"మేలు సంగతేమో గానీ, కీడైతే జరగదు కదండీ."

"ఈసారి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను" అన్నారాయన.

ఆ వారంలోనే మంచం దిగలేని ముసలివాళ్ళుండే ఒక శరణాలయానికి వెళ్ళారు. నిర్వాహకుడు జగన్నాయకులు గేటు దగ్గరే ఎదురొచ్చి దండం పెట్టాడు. లోపల గచ్చు అద్దంలా ఉంది. మంచాల మీద మల్లెపూవుల్లాంటి దుప్పట్లు. ఎక్కడా వాసన లేదు. బృందంలోని వాళ్ళు మెచ్చుకుంటూ ముందుకు సాగిపోయారు. ఆచార్యులవారు మాత్రం ఒక మంచం పక్కన కూర్చున్నారు; కాత్యాయని ఆయన దగ్గరే ఆగింది. సింగారమ్మ అనే ఆ ముసలామె పెదవులు పగిలి ఉన్నాయి. ఆయన ఉత్తరీయం చెంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"బాబూ, మీరెప్పుడెళ్తారు?"

"ఎందుకమ్మా?"

"మీరెళ్తేగానీ మాకు నీళ్ళియ్యరు."

కాత్యాయని తాను సరిగా వినలేదేమో అనుకుంది. పక్క మంచంలోని ఆమె అందుకుంది. "తాగితే పక్క తడిసిపోద్ది కదమ్మా. మీరొచ్చేసరికి దుప్పట్లు తెల్లగా ఉండాలంట. రాత్రి నుంచీ చుక్క పోయలేదు. మీరొచ్చినప్పుడల్లా ఇంతే."

కిందటిసారి ఈ గదినే కాత్యాయని పదిమందిలో పొగిడింది. వసారాలోని బిందె ఎత్తుకొచ్చి, సింగారమ్మ తల పైకెత్తి గ్లాసు నోటికందించింది. ముసలామె ఆత్రంగా తాగుతుంటే నీళ్ళు మెడ మీదుగా కారి పక్కంతా తడిసింది. అన్ని మంచాల మీంచీ చేతులు లేచాయి.

జగన్నాయకులు పరుగెత్తుకొచ్చాడు. "ఆగండమ్మా! ఉన్నది ఇద్దరే ఆయాలు. ఇన్ని పక్కలు ఎవరు మారుస్తారు?"

"నేను మారుస్తాను" అంది కాత్యాయని. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

పొద్దువాలేదాకా ఆమె దుప్పట్లు మారుస్తూ, ఉతుకుతూ ఉండిపోయింది. ఆచార్యులవారు వాటిని పిండి ఆరవేశారు. తిరిగి వస్తుంటే దారిలో ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నేనిక ఆ బృందంలో ఉండనండీ. మేం వెళ్ళబట్టే కదా వాళ్ళ నోళ్ళు ఎండిపోయాయి! ఇక ఆ గుమ్మం తొక్కను."

"రేపు కూడా వాళ్ళకు దాహం వేస్తుందమ్మా" అన్నారు ఆచార్యులవారు.