మూడోసారి అడిగే మాట

అదిగో, దగ్గరికి జరిగి కూర్చోండి. ఊఁ కొట్టేవాళ్ళుంటేనే నేను చెప్పేది. ఇది మన తాతలకి వాళ్ళ తాతలు చెప్పిన సంగతి.

అనగనగా కొండ కింద ఓ ఊళ్ళో దాలయ్య అని ఒకడుండేవాడు. వెదురు కర్రకి దుప్పటి కట్టి, ఆ డోలీలో రోగుల్నీ, నిండు చూలాళ్ళనీ కొండ దాటించడమే వాడి పని. ముందు దాలయ్య, వెనక వాడి బావమరిది కోటన్న. నడుస్తుంటే దాలయ్య మోకాళ్ళు కటుక్కు కటుక్కుమనేవి. భుజం తిప్పినా కటుక్కే! "అదుగో, కటుక్కు దాలయ్య ఒస్తన్నాడు!" అని ఊరంతా నవ్వేది.

కానీ వాడికి ఇంకో బాధ ఉంది. ఎగువెక్కితే రొమ్ములో గట్టిగా పట్టేసేది. కూర్చుంటే వదిలేది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ పట్టేది. ఎవరికీ చెప్పలేదు. రోగమున్నవాడు డోలీ మోస్తే లోపలున్నవాళ్ళకి కీడని ఆ ఊరి కట్టుబాటు మరి. భుజం మీంచి కర్ర దిగిపోతే దాలయ్య ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

ఓనాడు దారిలో రొమ్ము పట్టుకుని నిలబడిపోతే అందరూ చూశారు.

"వాతంరా. కీళ్ళలోది పైకెక్కింది," అంది దాలయ్య అత్త.

"ఎముకల్లో జిగురెండిపోయింది," అన్నాడు పసరు మందిచ్చే ముసలాయన.

"కర్ర ఒరుసుకుని కండ పట్టేసింది, అంతే," అన్నాడు కోటన్న.

తలా ఓ మాట! కటుక్కులూ ఆ పట్టూ ఒకటే అనుకున్నారు పాపం. చప్పుడయ్యే కీళ్ళకి ఆముదం రాశారు. రొమ్ము సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ కట్టుబాటు లెక్కలో వాతం రోగం కాదు కాబట్టి కర్ర పోలేదు. దాలయ్యకి అదే పదివేలు.

పెళ్ళాం నూకాలు మాత్రం అడిగింది. "నిజం సెప్పు మావా, లోపలేటవుతంది?"

"ఏటీ నేదే."

ఇంకోనాడు మళ్ళీ అడిగింది. "ఏటీ నేదన్నాను గదేటి!" అని కసిరాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మూడోసారి అడిగితే చెప్పేసేవాడే. మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ అడగలేదు.

ఆ ఏడు వానల్లోనే కుమ్మరోళ్ళ సీతాలుకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని కొండ మీద ఊళ్ళో ఉంది. బావా బావమరుదులు డోలీ ఎత్తారు. మొదటి ఎగువలో దాలయ్యకి రొమ్ము పట్టింది. పళ్ళు బిగించాడు. రెండో ఎగువలో ఎడమ చెయ్యి లాగేసింది.

"దింపుదామేటి బావా?"

"దింపితే ఈ పిల్ల బతకదురా. పద."

మూడో ఎగువా ఎక్కారు. మంత్రసాని గుమ్మం ముందు దాలయ్య మెల్లగా మోకాళ్ళు వంచాడు. డోలీ నేలకి తగిలినట్టే తెలీలేదు సీతాలుకి. దాలయ్య మళ్ళీ లేవలేదు.

తల్లీ బతికింది, బిడ్డా బతికింది. నూకాలు పరుగున వచ్చి మొగుడి రొమ్ము మీద పడి ఏడ్చింది. "ఇంకొక్కపాలి అడిగుంటే సెప్పీవోడివి గదా మావా!" ఆ ఏడుపు వినలేక పెద్దలు తలలు దించుకున్నారు. కర్ర పోతుందన్న భయంతోనే దాచాడని తెలిసి, ఆనాడే ఆ పాడు కట్టుబాటు తీసేశారు.

ఇప్పటికీ ఆ కొండల్లో డోలీ ఎత్తేముందు మోసేవాడి రొమ్ము మీద చెయ్యేసి, "నిజం సెప్పు, లోపలేటవుతంది?" అని అడుగుతారు. బాగోలేదన్నవాణ్ణి కూర్చోబెట్టి, వాడి వాటా కూలి వాడింటికే పంపుతారు. మొదటిసారి ఏమీ లేదంటే నమ్మరు. రెండోసారీ నమ్మరు. దాలయ్య పేరు చెప్పి మూడోసారి అడుగుతారు. చాలామంది అప్పుడే చెబుతారు.