ఏతం

నైలు ఒడ్డున ఒకదాని కింద ఒకటిగా రెండు మడులుండేవి. ఎగువ మడి ఒక ఆసామిది. దిగువ మడి మొగుడు పోయిన ఒక ఆడమనిషిది. ఏటా వరద వచ్చినప్పుడు ఊరంతా కలిసి ఎగువ మడి పక్కన ఏటిగట్టుకు గండి కొట్టేవారు. ఒండ్రునీళ్లతో మడి నిండాక గండి పూడ్చేవారు. మళ్లీ వరద వచ్చేదాకా ఆ గట్టు మీద పార వెయ్యకూడదు. నలభై రోజులు నీళ్లు నిలిచాక ఆసామి మడుల నడిమిగట్టు తెంచి, ఆ నీళ్లను దిగువకు వదలాలి. మొలకలొచ్చిన మడి మీదికి మాత్రం ఎవరూ నీళ్లు వదలరాదు. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ ఏడు వరద బక్కచిక్కి వచ్చింది. నలభై రోజులు గడిచాయి. ఆసామి గట్టు తెంచలేదు సరికదా, దాని మీద ఇంకో మూరెడు మట్టి వేయించాడు.

ఆమె వెళ్లి అడిగింది. "గడువైపోయిందయ్యా. నీ మడి తాగాల్సింది తాగింది. నా వంతు వదులు."

"కరువుకాలమమ్మా. ఎంత నిలిస్తే నాకంత పంట" అన్నాడు ఆసామి.

"నీళ్లు గాదెలో పోసుకునేవి కాదయ్యా."

"అంత కావాలంటే పోయి ఏటినే అడుక్కో!"

ఆమె ఇంట్లో కుండెడు యవలున్నాయి. అవి విత్తనాలు. అదను దాటితే వాటిని వండుకు తినడమే గతి. విత్తనం వండుకున్న ఇంట్లో మరుసటేడు పొయ్యి రాజదు. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు చీది, నిజంగానే ఏటి దగ్గరికి వెళ్లింది.

తన మడి పక్కన ఏటిగట్టు మీద ఏతం నిలబెట్టింది. దాని కోలకు ఒక కొసన బంకమట్టి ముద్ద, రెండో కొసన తాడుకు తోలుసంచి. ఏతంతో ఉల్లిమళ్లు తడిపినవాళ్లున్నారు గాని, యవల చేను తడిపినవాళ్లు ఆ ఊళ్లో లేరు. దారినపోయేవాళ్లు ఆగి మరీ నవ్వారు. "సంచితో ఏరు తోడుతుందట!" అన్నాడొకడు. నవ్వడానికి నీళ్లక్కర్లేదు కదా, ఎంతసేపైనా నవ్వొచ్చు.

మొదటి రోజు చాపంత నేల తడిసింది. పొద్దు గుంకేసరికి అదీ ఆరిపోయింది. మర్నాడు ఇంకా చీకటుండగానే వచ్చింది. అరచేతులు బొబ్బలెక్కితే పాతగుడ్డ చుట్టుకుంది. నడుము పట్టేస్తే కాసేపు నేల మీద వెల్లకిలా పడుకుని, లేచి మళ్లీ తాడు పట్టుకుంది. నెల తిరిగేసరికి సగం మడి నల్లగా నానింది. ఆ సగంలోనే విత్తింది. యవలు మొలిచాయి.

ఎగువ మడిలో నీళ్లు అలాగే ఉన్నాయి. పచ్చగా పాచి కట్టి కంపు కొడుతున్నాయి. అంచుల్లో ఉప్పు తెల్లగా తేలింది. ఇంకో పదిరోజుల్లో అదను దాటిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆసామి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, గట్టు తెంచేస్తున్నా. నీళ్లన్నీ నువ్వే తీసుకో!"

"మొలకలొచ్చాయయ్యా, చూడు."

చూశాడు. జానెడు పచ్చదనం గాలికి కదులుతోంది. దాని మీదికి నీళ్లు వదలడానికి లేదు. ఏటిగట్టు తెంచడానికి లేదు.

"మరి నా నీళ్లెక్కడికి పోవాలి? నా మడి చచ్చిపోతుందమ్మా!"

ఆమెకు జాలీ కలిగింది, ఒళ్లూ మండింది. వెళ్లి ఏతం పీకి, కోల ఒక కొస అతని భుజానికెత్తింది. ఇద్దరూ మోసుకెళ్లి ఎగువ మడి పక్కన ఏటిగట్టు మీద నిలబెట్టారు. సంచి ఈసారి ఏటి వైపు కాక మడి వైపు వేలాడింది. ఆమె తన చేతిగుడ్డ విప్పి అతని అరచేతికి చుట్టి, తాడు అందించింది.

ఆసామి ఆ నీళ్లకేసి, మనిషెత్తు గట్టుకేసి చూశాడు.

"ఎన్ని సంచులు తోడాలమ్మా?"

"నేను లెక్కపెట్టుకోలేదు. వంగు."

అతను వంగాడు. మొదటి సంచి సగమే నిండింది.