శ్రేయోభిలాషి పంపిన సంచి

చెరకు తోటకీ పంట కాలువకీ మధ్య ఒక పాత ఇటుకబట్టీ ఉంది. మనుషులు దాన్ని వదిలేసి చాలా కాలమైంది. ఆ చోట ఊరి జంతువులన్నీ కలిసి తమ పిల్లలకు బడి పెట్టుకున్నాయి. ఫీజు లేదు, జాతి పట్టింపు లేదు. కోడిపిల్ల పక్కన మేకపిల్ల, మేకపిల్ల పక్కన పందిపిల్ల కూర్చునేవారు. రైసుమిల్లు వారి జాతి కుక్క మాత్రం తన పిల్లల్ని అక్కడికి పంపలేదు. వాళ్ళ చదువు మేడ మీద. అలాంటివాళ్ళు పిల్లల్ని పంపరు గానీ, ఆ బడి ఎలా నడవాలో గేటు లోపల్నుంచి మొరిగి మరీ చెబుతుంటారు.

పాఠాలు చెప్పేది గాడిద. వయసులో ఉండగా ఆ బట్టీలోనే ఇటుకలు మోసింది. ఊళ్ళో ఎవరిని తిట్టాలన్నా ఆవిడ పేరే వాడతారు. పిల్లల్ని మాత్రం ఆవిడ దగ్గరికే పంపుతారు.

గాడిద టీచరమ్మ చెప్పే వాటిలో ముఖ్యమైంది వాసన పాఠం. ముళ్ళకంపకు చిక్కుకున్న నక్క బొచ్చు కుచ్చు ఒకటి ఆవిడ దగ్గరుంది. పొద్దున్నే దాన్ని ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టేది.

"కళ్ళు మూసుకుని పీల్చండి. ఈ వాసన తగిలితే ఏం చెయ్యాలి?"

"పరిగెత్తాలి టీచర్."

"ఎటు?"

"నా దగ్గరికి టీచర్," అని ఆవిడ నేర్పిన మాటనే అప్పజెప్పబోయి, "మీ దగ్గరికి టీచర్," అని దిద్దుకునేవారు.

కొత్తగా చేరినవాళ్ళు ఒకటి రెండు రోజులు ఏడ్చేవారు. తర్వాత నేర్చుకునేవారు. ఆ ఊళ్ళో ఎదిగి పెద్దయిన ప్రతి కోడీ, ప్రతి మేకా ఆ కుచ్చు వాసన చూసి బతికినవాళ్ళే.

ఆ ఏడు వానలకి చెరకు తోట వైపు కంచె కూలి పెద్ద కన్నం పడింది. దాన్ని పూడ్చాలంటే ఎద్దులు ముళ్ళకంప లాక్కురావాలి. ఎద్దులకు దాణా పెట్టాలి. అందుకోసం తల్లిదండ్రులు ఒక సంఘం పెట్టుకున్నారు. మీటింగు మధ్యలో ఒక చేట పెట్టేవారు. కోడి నాలుగు గింజలు వేసేది, మేక కాస్త తవుడు తెచ్చేది, గొర్రె తన వంతు చిక్కుడు తొక్కలు పెట్టేది. ఎవరు ఎంత వేశారో అందరికీ కనబడేది. ఎవరు వెయ్యలేదో ఇంకా బాగా కనబడేది.

సంఘానికి తల్లే ప్రెసిడెంటుగా ఉండాలని రూలు. అందుకని పొడల పెట్టను ఎన్నుకున్నారు. తల్లే మాట్లాడాలని రూలు లేదు కదా. అందుకని మాట్లాడేది ఆమె మొగుడు సేతువ. తెల్లటి పుంజు, మంచి జుట్టు, అంతకంటే మంచి గొంతు. మీటింగులో బోర్లించిన గంప మీద పొడల పెట్ట కూర్చునేది. పక్కన సేతువ నిలబడి, "ప్రెసిడెంటు గారి అభిప్రాయం ఏమిటంటే," అని మొదలుపెట్టేవాడు. ఆ అభిప్రాయం ఏమిటో ప్రెసిడెంటు గారికి కూడా అప్పుడే తెలిసేది.

చేట సగం కూడా నిండక ముందే ఒకరోజు మిల్లు పిల్లి వచ్చింది.

"ఎందుకు బావగారూ ఈ ముష్టి చేట?" అంది సేతువతో. "పిల్లల నోటి దగ్గరి గింజలు తెచ్చి ఇందులో పొయ్యడం చూస్తే నాకే కడుపు తరుక్కుపోతోంది. నాకు తెలిసిన శ్రేయోభిలాషి ఒకరున్నారు. బడి పిల్లలంటే ఆయనకు పంచప్రాణాలు."

"ఎవరాయన?" అడిగింది మేక. మేకకు నోరు ఊరుకోదు. తినడానికైనా, అడగడానికైనా.

"పేరు చెప్పద్దన్నారు. గుప్తదానం."

"గుప్తదానమంటే ఇచ్చేవాడు పేరు దాచుకోవడం. పుచ్చుకునేవాళ్ళు కళ్ళు మూసుకోవడం కాదు."

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడిందట నీలాంటిదే," అన్నాడు సేతువ. అందరూ నవ్వారు. మేక కూడా కొంచెం నవ్వింది.

మరుసటి మీటింగుకి గోనెసంచి వచ్చింది. మూతి బిగించి కట్టి ఉంది. విప్పితే పసుపురంగు మొక్కజొన్నలు, బొరుగులు, బెల్లపు ముక్కలు. చేటను ఎవరో గోడకు ఆనించేశారు. ఆ పూట ఎవరి దగ్గరా ఏమీ అడగలేదు కాబట్టి మీటింగు చాలా ఉల్లాసంగా సాగింది.

పొడల పెట్ట మాత్రం ముక్కు ఎగబీల్చింది. గోనె దారాల్లోంచి సన్నగా, బెల్లం వెనక దాక్కుని, ఒక వాసన. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని పీల్చిన వాసన. ఆమె మెడ మీద ఈకలు లేచాయి.

"ఏమండీ," అంది మెల్లిగా, "ఈ సంచి నుంచి వాసనొస్తోంది."

"ఏం వాసన?"

"నక్క వాసన."

సేతువ చుట్టూ చూశాడు. గొర్రె బొరుగులు నములుతోంది. పంది బెల్లం కోసం ముట్టె పెట్టేసింది. "నలుగురిలో నా పరువు తీస్తావా? పిల్లి ఏమనుకుంటుంది? నోరు మూసుకుని తిను."

మొగుడి పరువు చిత్రమైన వస్తువు. అది ఎప్పుడూ పెళ్ళాం నోట్లోనే ఉంటుంది, ఆవిడ నోరు తెరిస్తే పోతుంది. పొడల పెట్ట నోరు తెరవలేదు. తెరిచింది గింజ కోసమే. మొదటి గింజ గొంతులో కాస్త అడ్డం పడింది. రెండోది సులువుగానే దిగింది. పిల్లలకని రెక్క కింద దాచుకుని ఇంటికి కూడా తెచ్చింది. పిల్లలు పోటీలు పడి తిన్నారు.

అలా సంచి మీద సంచి వచ్చింది. కంచె కన్నం అలాగే ఉంది.

"కంపకి ఎద్దుల్ని ఎప్పుడు పిలుస్తున్నారు?" అని మేక అడిగింది ఒకసారి.

"కంచె ఎక్కడికి పోతుంది మేకమ్మా," అంది పిల్లి, మూతి నాక్కుంటూ. "ముందు శ్రేయోభిలాషి గారి మనసులో చిన్న బాధ ఉంది, అది చూద్దాం. పాపం పసివాళ్ళ ముక్కుల్లో ఆ గాడిద ఏదో కంపు బొచ్చు పెడుతోందట. పిల్లలు జడుసుకుంటున్నారట. ఈ కాలంలో ఇంకా ఆ భయపెట్టే చదువులేమిటి?"

"ఆ పాఠం తీసెయ్యమని అడిగాడా ఆయన?"

"అయ్యో, ఆయన ఏమీ అడగరు. బాధపడతారంతే."

"సంచి పంపడం మానేస్తాడా?" అంది గొర్రె కంగారుగా.

"బాధలో ఉన్నవాళ్ళు ఏం చేస్తారో మనకేం తెలుసు వదినా."

అంతే. ఆ రోజు నుంచి కంచె మాట ఎవరూ ఎత్తలేదు. సంఘమంతా వాసన పాఠం గురించే మాట్లాడింది. తల్లి నోట వస్తేనే టీచరమ్మ వింటుందని పిల్లి చెప్పింది. అందుకని పొడల పెట్టకు దారిలో మాటలు నేర్పింది. "పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారు అని చెప్పక్కా."

"మా పిల్లలు ఉలిక్కిపడరే."

"నువ్వు పడుకుంటే ఒళ్ళు తెలీదు, నీకేం తెలుసు," అన్నాడు సేతువ.

పిల్లలు పడుకునేది పొడల పెట్ట రెక్కల కింద. సేతువ పడుకునేది దూలం మీద. అయినా పొడల పెట్ట ఊరుకుంది.

బట్టీ దగ్గర గాడిద వాళ్ళందరినీ చూసి సంతోషించింది. "రండి. కంచె సంగతి మాట్లాడ్డానికేనా? నేనూ ఒక చెయ్యి వేస్తాను. మొయ్యడం నాకు కొత్త కాదు."

సేతువ పెళ్ళాన్ని రెక్కతో పొడిచాడు.

"టీచరమ్మా," అంది పొడల పెట్ట నేల చూస్తూ, "వాసన పాఠం ఆపెయ్యండి. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారు."

గాడిద ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"పొడలా, నువ్వు నా దగ్గర చదువుకున్నదానివే. మీ సంఘానికి సంచులు ఎక్కడినుంచి వస్తున్నాయి?"

"ఆ విషయం మీకెందుకు? మా సంఘం, మా ఇష్టం," అన్నాడు సేతువ. "మీకు మేత వేసేది మేమైతే, మీరు మమ్మల్ని లెక్కలడుగుతారా?"

"నేను మిమ్మల్ని అడగలేదు బాబూ. తల్లిని అడిగాను. పొడలా, నీ ముక్కుకి ఏమీ తెలియలేదా?"

పొడల పెట్ట ముక్కును రెక్కల్లో దూర్చుకుంది. చలి లేదు. సిగ్గుకి కూడా అదే చోటు.

"సరే," అంది గాడిద. "నక్క వచ్చి అడిగితే తన్నేదాన్ని. తల్లి అడిగితే కాదనడానికి నేనెవర్ని?" బొచ్చు కుచ్చు తీసుకెళ్ళి కాలువలో వేసింది. అది నీళ్ళ మీద కాసేపు తేలి, తూము దగ్గర మలుపు తిరిగి కనబడకుండా పోయింది. సంఘం జయం జయం అంది. ఆ పూట సంచిలో బెల్లం ఎక్కువగా వచ్చింది.

చెరకు నరకడానికి కొన్నాళ్ళ ముందు, ఒక మధ్యాహ్నం, గాడిద పెద్దపిల్లలకు తూము దగ్గర నీళ్ళ లోతు చూపిస్తోంది. చిన్నపిల్లలు బట్టీ నీడలో ఆడుకుంటున్నారు. కంచె కన్నంలోంచి గాలి వీచింది. పొడల పెట్ట పిల్లల్లో అందరికంటే చురుకైనది, ఇంకా తోక ఈకలు రాని తెల్లపిల్ల, ముక్కు పైకెత్తింది.

"ఒరే, గింజల వాసన," అంది. "మా అమ్మ మీటింగు నుంచి వస్తోంది."

పిల్లలంతా లేచి ఆ వాసనకు ఎదురు పరిగెత్తారు. అందరికంటే ముందు తెల్లపిల్ల.

పొడల పెట్ట నిజంగానే అప్పుడు మీటింగు నుంచి వస్తోంది, రెండో వైపు నుంచి. కన్నం అవతల కూర్చున్న నక్కను చూసింది. దాని వైపు కిలకిలమంటూ పోతున్న తన పిల్లల్ని చూసింది. అరిచింది. పెళ్ళయినప్పటి నుంచి ఎప్పుడూ అరవనంతగా అరిచింది. ఆ అరుపుకి గాడిద తూము దగ్గర్నుంచి దూసుకొచ్చి, వెనక్కాళ్ళు ఎత్తి నక్క దవడ మీద తన్నింది. మిగిలిన పిల్లలు బతికారు. తెల్లపిల్ల అప్పటికే నక్క నోట్లో ఉంది. దాన్ని వదలకుండానే నక్క చెరకులోకి దూరింది.

సేతువ ఊరంతా కూడేలా కూశాడు. అందరూ కంచె దగ్గర చేరారు. "దొంగ. పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగ," అని చెరకు వైపు తిట్టిపోశారు.

చెరకులోంచి నక్క గొంతు వినిపించింది. దవడ వాచినా మాట స్పష్టంగానే ఉంది.

"ఇందులో దొంగతనం ఏముంది పెద్దలూ? నేను పెట్టిన మేత మీరు తిన్నారు. మీరు పెంచిన మేత నేను తిన్నాను. కన్నం ఉంచమని నేను అడగలేదు, మీరే ఉంచారు. పాఠం నేను ఆపలేదు, మీ ప్రెసిడెంటు గారే ఆపించారు."

తర్వాత చెరకు ఆకులు కదలడం ఆగిపోయింది. పిల్లి కోసం చూస్తే పిల్లి లేదు. మిల్లు గోడ ఎక్కి ఏ పక్కకి దూకిందో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం సంఘం మళ్ళీ కూడింది. సేతువ గొంతు సవరించుకున్నాడు.

"ప్రెసిడెంటు గారి అభిప్రాయం ఏమిటంటే, మనం దారుణంగా మోసపోయాం. ఆ సంచి నక్కదని ఎవరం మాత్రం ఊహించగలం?"

"నాకు తెలుసు," అంది పొడల పెట్ట.

ఆమె గొంతు వినడం చాలామందికి అదే మొదలు. సేతువ ఆమె వైపు గుడ్లురిమాడు. ఆమె అటు చూడలేదు.

"మొదటి సంచి విప్పినప్పుడే తెలిసింది. మా ఆయనకు చెప్పాను. ఆయన నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. ఆయన్ని అనుకుంటే నాకు కొంచెం హాయిగా ఉంటుంది గానీ, మింగింది ఆయన గొంతుతో కాదు. ఆ గింజలు ఇంటికి తెచ్చి నా పిల్లలకు పెట్టాను. నక్క వాసనంటే అమ్మ వస్తున్న వాసన అని నా బిడ్డకి నేర్పింది నేనే."

గొర్రె తల వంచుకుంది.

"వాసన నాకూ తెలిసింది వదినా," అంది. "అందరూ తింటున్నారు కదా, నాకే జలుబేమో అనుకున్నాను."

"బురదలో వెతుక్కునే ముట్టె నాది," అంది పంది. "నాకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?"

అందరూ మేక వైపు చూశారు. అడిగింది అదొక్కతే. అదైనా తల ఎత్తుతుందేమో, నేను చెప్పలేదా అంటుందేమో, అప్పుడు దాన్ని నాలుగు తిట్టి తేలికపడదామని చూశారు. మేక నెమరు ఆపింది.

"నేను అడిగాను. జవాబు రాలేదు. జవాబు రాకపోయినా తిన్నాను," అంది. "అడిగానన్న ధీమాతో మీకంటే ఎక్కువే తిన్నాను."

బయట గాడిద ఒక్కతే, నోటితో ముళ్ళకంప ఈడ్చుకొచ్చి కన్నంలో కుక్కుతోంది. పెదవుల నుంచి రక్తం కారుతోంది. వెళ్ళి సాయం చెయ్యాలని లోపల అందరికీ ఉంది. ఆవిడ కళ్ళలోకి చూడాల్సి వస్తుందని ఎవరూ లేవలేదు. పొడల పెట్ట గంప దిగింది. మొగుణ్ణి దాటి, అందర్నీ దాటి వెళ్ళి, తన ముక్కుకు పట్టేంత ఒక చిన్న ముళ్ళకొమ్మ అందుకుంది. గాడిద ఆమెను చూసింది. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. తిట్టినా బాగుండేదనుకుంది పొడల పెట్ట.

మేత ఎక్కడిదని అడగని నోట వచ్చే మాట, ఆ నోటిది కాదు.