నర్సాగౌడ్ కుడిపాదం

తాటిచెట్టు మీంచి జారిపడ్డ నర్సాగౌడ్ మూడు రోజులుగా ఆపరేషన్‌కు సంతకం పెట్టడం లేదు. కుడిపాదం మధ్యలో కీలు తప్పింది. వాపు తగ్గింది. ఇంకా ఆలస్యమైతే ఎముకలు వంకరగా అతుక్కుంటాయి.

డాక్టర్ తబస్సుమ్ అతని పాదం పైన నీలిపెన్నుతో రెండు పొడుగు గీతలు గీసి చూపించింది. "ఇక్కడ కోసి స్క్రూలు వేస్తాం."

"ఆడ కొయ్యనియ్య."

"లేకపోతే జన్మంతా కుంటుతారు పెద్దాయనా!"

"కుంటుకుంటనే ఎక్కుత."

ఆమె విసురుగా తన గురువు డాక్టర్ వరదాచారి దగ్గరికి వెళ్లింది. "మొండిమనిషి సార్. మచ్చ పడుతుందని భయం. డిశ్చార్జి రాసేస్తాను."

వరదాచారి లేచి వార్డుకొచ్చాడు. నర్సాగౌడ్ మంచం కింద ఒక తాడు ఉంది. చెట్టెక్కేటప్పుడు రెండు పాదాలకూ తగిలించుకునేది. నర్సులనైనా ముట్టనివ్వలేదు దాన్ని. వరదాచారి అడిగితే ఇచ్చాడు.

"చెప్పులు విడువమ్మా," అన్నాడాయన శిష్యురాలితో.

వరండాలో గుండ్రటి స్తంభం. ఆమె పాదాలకు తాడు తగిలించి, జానెడు ఎత్తు ఎక్కమన్నాడు. రోగులు నవ్వారు. తబస్సుమ్ పళ్లు బిగించి స్తంభాన్ని వాటేసుకుంది. ఒంటి బరువంతా తాడు మీద పడింది. నాలుగు క్షణాలు నిలిచి దిగిపోయింది.

"తాడు ఎక్కడ కోసుకుంది?" అడిగాడు వరదాచారి.

ఆమె వంగి వేలు పెట్టింది. సరిగ్గా తాను గీతలు గీసిన చోటు.

చెప్పులు వేసుకోవడం మరిచిపోయి నర్సాగౌడ్ దగ్గరికి నడిచింది. "తాడు పడే చోట కోయను. పక్కల నుంచి చిన్న గాట్లు పెట్టి, ఎక్స్‌రే తెరలో చూస్తూ సర్దుతాను. అలా కుదరకపోతే మాత్రం పెద్దగా కోయక తప్పదు."

"నడుం కిందకే మత్తు గద. మెలకువగనే ఉంట. అప్పుడు నన్నడుగు."

సంతకం పెట్టాడు.

థియేటర్లో ఎముక రెండుసార్లు జారింది. "ఇక కోసెయ్యండి మేడం," అన్నాడు మత్తు డాక్టరు. తబస్సుమ్ గురువు వైపు చూసింది. ఆయన తెరనే చూస్తున్నాడు.

ఆమె తల తిప్పింది. "పెద్దాయనా, రెండుసార్లు తప్పింది. ఏం చేయమంటారు?"

"నువ్వేమంటవ్?"

"ఇంకొక్కసారి చూస్తాను."

"సూడు మరి!"

మూడోసారి ఎముక చోటులోకి వచ్చి కూర్చుంది. స్క్రూ ఎక్కింది.

చేతులు కడుక్కుంటూ ఆమె అడిగింది: "మూడోసారి కూడా తప్పి ఉంటే, మీరేం చెప్పేవారు సార్?"

"అడగాల్సినవాణ్ణి అడిగావు," అన్నాడు వరదాచారి. "నాతో పనేముందమ్మా?"