గాజుతొట్టిలో జేజేలు

రత్నగిరి మహారాజు వీరకేసరిగారికి ఒక మోజు పుట్టిందంటే కొలువంతటికీ పుట్టినట్టే. ఈసారి పుట్టింది చేపల మోజు.

సముద్రం అవతలి నుంచి వచ్చిన వర్తకుడొకడు మంచమంత గాజుతొట్టినీ, పది బంగారు రంగు చేపలనూ కానుకగా ఇచ్చిపోయాడు. తొట్టిని సింహాసనం పక్కనే పెట్టించారు. చూసుకోవడానికి కోట చెరువు కాపలాదారు సింగన్నను పిలిపించారు.

"ప్రభూ, తొట్టి కొత్తది, నీళ్ళు కొత్తవి. కొన్నాళ్ళు కుదురుకోనిస్తే..." అంటూ సింగన్న మొదలుపెట్టాడు. వింటేనా! రాజుగారు అప్పటికే చారెడు అటుకులు తొట్టిలో పోసేశారు.

రాజుగారు వేశాక మంత్రి ఊరుకుంటాడా? ఆయనో గుప్పెడు వేశాడు. సేనాపతి రెండు గుప్పిళ్ళు. కోశాధికారి ఏకంగా నేతి లడ్డూ చిదిపాడు. కొలువుకు వచ్చిన ప్రతివాడూ తన భక్తి రాజుగారి కంట పడేలా చెయ్యెత్తి మరీ వేశాడు. పాపం, చేప పొట్ట ఎంత! మిగిలిందంతా అడుక్కి దిగి కుళ్ళింది. మూడోనాటికి నీళ్ళు మురిగి కొలువంతా కంపు. అయినా ఎవరూ ముక్కు మూసుకోలేదు లెండి. రాజుగారి తొట్టి కదా!

చేపలు పైకి తేలి నోళ్ళు ఆడించసాగాయి. రాజవైద్యుడు పేరిశాస్త్రి అది చూసి లేచి నిలబడ్డాడు.

"ఆహా! గమనించారా ప్రభూ? తమరికి జేజేలు పలుకుతున్నాయి!"

రాజుగారు పొంగిపోయి అక్కడికక్కడే ఆయనకు శాలువా కప్పారు.

మర్నాడు రెండు చేపలు వెల్లకిలా తేలాయి. "అపరిశుభ్రత ప్రభూ!" అన్నాడు శాస్త్రి. తొట్టిని పూర్తిగా తోడించి, అడుగున ఉన్న గులకరాళ్ళను చింతపండుతో తోమించి, అప్పుడే చేదిన బావినీళ్ళు పోయించి, పైన బుడ్డెడు పన్నీరు ఒంపాడు. సాయంత్రానికి ఇంకో నాలుగు పోయాయి. తప్పు మాత్రం సింగన్నదట!

"ఇదేనట్రా నీ కాపలా? ఇంకొక్క చేప పోయిందో, నీ తల ఉండదు!" అని రాజుగారు గర్జించారు.

చేపలు చచ్చిన కారణం సింగన్నకు తెలుసు. చెప్పేదెలా? మొదటి చారెడు వేసింది రాజుగారి చెయ్యి. ఆ చేతిదే తప్పంటే ఇంకో చేప చచ్చేదాకా కూడా ఆగరు.

తొట్టి వంక చూశాడు. మిగిలిన నాలుగూ నోళ్ళు ఆడిస్తూనే ఉన్నాయి. చప్పున వంగి గాజుకు చెవి ఆనించాడు. "ఆఁ... ఆఁ... అలాగే తల్లీ, చెప్తాను" అంటూ తలూపాడు.

"ఏమిట్రా అది?" అన్నారు రాజుగారు.

"శాస్త్రిగారు విన్నది నిజమే ప్రభూ. కాకపోతే సగమే విన్నారు. తమరు నూరేళ్ళు చల్లగా ఉండాలని ఇవి నలభై రోజుల దీక్ష పట్టాయట. రోజుకు ఒక్కసారి తమరి చేతి చిటికెడు ప్రసాదం చాలట. ఇంకెవరు మెతుకు వేసినా దీక్ష భంగమట. రోజూ ఒక్క బిందెడు నీళ్ళే తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు ఒక్క బిందెడే పొయ్యాలట. రాళ్ళు తోమకూడదట. పన్నీరు బొత్తిగా పనికిరాదట."

శాస్త్రి ఎగిరిపడ్డాడు. "పచ్చి అబద్ధం ప్రభూ! చేపలెక్కడైనా మాట్లాడతాయా?"

సింగన్న అమాయకంగా మొహం పెట్టాడు.

"మరి నిన్న జేజేలు పలికిందెవరు శాస్త్రిగారూ?"

శాస్త్రి ఒక చేత్తో శాలువా గట్టిగా పట్టుకుని కూలబడ్డాడు. రాజుగారి ఆయుష్షుతో ముడిపడ్డ మాటాయె, ఆ రోజు నుంచి తొట్టి వైపు చెయ్యి చాపిన మొనగాడు లేడు.

నలభై రోజులు గడిచాయి. నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. నాలుగు చేపలూ నిగనిగలాడుతూ అడుగున హాయిగా తిరుగుతున్నాయి. రాజుగారు మాత్రం దిగులుగా కూర్చున్నారు.

"ఏరా సింగన్నా, ఇవి పైకే రావడం లేదు. నన్ను పొగడ్డం మానేశాయేమిట్రా?"

శాస్త్రి మొహం వెలిగింది. సింగన్న చేతులు కట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"తప్పు క్షమించాలి ప్రభూ. అప్పుడూ పొగడలేదు. దీక్షా లేదు, ఏమీ లేదు. వేసిన మేత కుళ్ళి, నీళ్ళు చెడి, ఊపిరాడక నోళ్ళు తెరిచాయి. ఇప్పుడు కడుపుకు సరిపడా మేత, ఒంటికి పడే నీళ్ళు. ఇంక నోరు తెరవాల్సిన పనేముంది?"

రాజుగారు తొట్టి వంక చూశారు. తర్వాత తలెత్తి కొలువు వంక చూశారు. ఆయన చూపు పడగానే అలవాటు కొద్దీ అందరూ "జయము జయము మహారాజా!" అని ఒక్కసారిగా నోళ్ళు తెరిచారు.

"మరి వీళ్ళ సంగతేమిట్రా?"

"వీళ్ళకీ మేత ఎక్కువైంది ప్రభూ!"

రాజుగారు పొట్ట చేత్తో పట్టుకుని పగలబడి నవ్వారు. నవ్వచ్చో కూడదో తెలియక కాసేపు నలిగిన కొలువు, శాస్త్రి మొహం చూసి ఇక ఆపుకోలేకపోయింది. రాజుగారు తన చేతి కడియం తీసి సింగన్నకు తొడిగి, శాస్త్రి భుజం మీది శాలువా తీయించి వాడికే కప్పారు.

"శాస్త్రిగారూ, ఆ నలభై రోజుల దీక్ష ఇప్పుడు తమరు పట్టండి. రోజుకు చిటికెడు అటుకులు!"

శాస్త్రి ఏదో అనబోయి నోరు తెరిచి, చేపల వంక చూసి చప్పున మూసుకున్నాడు.