ఆగదు!

ఇంగ్లీషువాళ్ల కాలంలో, కొండల నడుమ ఉన్న ఒకానొక చిన్న రాజ్యాన్ని చక్రధరరాజు ఏలేవాడు. ఆయనకు ఇద్దరు రాణులు, ఒక కారు. ముద్దు మాత్రం కారుమీదే.

స్వదేశానికి వెళ్లిపోతున్న ఓ దొర దగ్గర కొన్న పాత రేసు కారు అది. ఎర్రటి రంగు, పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. బయల్దేరితే పులి గాండ్రించినట్టుండేది. జనం చేతిలో పని వదిలేసి చూసేవారు. అంత అందమైన వస్తువు ఆ చుట్టుపక్కల లేదన్నది నిజం. వానొస్తే దాని లోపల కూడా కురుస్తుందన్నదీ నిజమే. ఎండకు ఇంజను పొగలు కక్కేది. చలికి అసలు పలికేది కాదు, బంట్లు తోయాల్సిందే. సీటు ఎంత కిందికి ఉండేదంటే, భారీ మనిషైన రాజుగారిని పైకి లాగడానికి ఇంకొందరు కావాలి.

ఈ సంగతులు ఎవరూ పైకి అనేవారు కాదు. కారును నిందించినవాణ్ణి రాజ్యం నుంచి వెళ్లగొడతామని దండోరా వేయించి ఉంది.

ఒకనాటి పొద్దున రాజుగారు చిన్నరాణిని పక్కన కూర్చోబెట్టుకుని, తానే నడుపుతూ ఘాటు రోడ్డు దిగుతానన్నారు. డ్రైవరు దాలినాయుడు అడ్డం నిలబడ్డాడు.

“వద్దు బాబూ! ఈ కారు ఆగదు బాబూ!”

“నా కారుకే వంక పెడతావా? రేపు తెల్లారేసరికి పెళ్లాం పిల్లలతో పొలిమేర దాటు!”

ఈ గొడవలో ముహూర్తం దాటిపోయి, ప్రయాణం మర్నాటికి పడింది.

దాలినాయుడు ఏడుస్తూ ఆస్థానకవి పేరిశాస్త్రి ఇంటికి పరుగెత్తాడు.

“బ్రేకు పట్టట్లేదని చెప్పబోయాను బాబూ. వినకుండానే గెంటేశారు.”

“నీ నోట వచ్చిన మాటేమిట్రా?”

“ఆగదన్నాను.”

“ఇంకేమీ అనలేదుగా? అయితే మూటలు విప్పించు.”

సాయంత్రం కొలువులో శాస్త్రి లేచాడు. “ప్రభో, ఏలినవారి కారును గురించి ఒక్క మాట.”

“కానీవయ్యా.”

“ఆగదు!”

రాజుగారు కనుబొమలు ముడిచారు. “అంటే?”

“కొండ అడ్డొచ్చినా, సాక్షాత్తు కలెక్టరు దొరే ఎదురొచ్చినా, ఆగదు!”

రాజుగారు పొంగిపోయి, మెళ్లోని ముత్యాల హారం తీసి శాస్త్రి మెళ్లో వేశారు. శాస్త్రి దాన్ని తీసుకెళ్లి, ద్వారం దగ్గర నిలబడ్డ దాలినాయుడి మెళ్లో వేశాడు.

“ఇదేమిటయ్యా?”

“ఆ మాట మొదట అన్నది వీడు ప్రభో. ఇంకొకడి పలుకుకు నేను సన్మానం పుచ్చుకుంటే పదిమందీ దొంగకవి అంటారు.”

“వాడు తిట్టాడయ్యా! నువ్వు పొగిడావు!”

“మాట ఒక్కటే కదా ప్రభో?”

రాజుగారు తికమకపడి దివాను వైపు చూశారు. దివాను ముందు పొగడ్తన్నాడు. రాజుగారి ముఖం చూసి తిట్టన్నాడు. శాస్త్రి ముఖం చూసి, వ్యాకరణం తనకు అంతగా రాదన్నాడు.

“పొగడ్తయితే హారం వీడిది,” అన్నాడు శాస్త్రి. “తిట్టయితే మా ఇద్దరినీ వెళ్లగొట్టండి. కాకపోతే, తిట్టు విని మురిసిపోయి హారం వేసిన ప్రభువెవరని పక్క రాజ్యంలో అడిగితే ఏం చెప్పాలో సెలవివ్వండి.”

రాజుగారు డ్రైవరు వైపు తిరిగారు. మెల్లగా అడిగారు. “ఒరే దాలినాయుడూ, నిజంగా ఆగదట్రా?”

“ఆగదు బాబూ. బ్రేకు అరిగిపోయింది. ఆ దిగుడులో చిన్నరాణమ్మ కూడా ఉంటారని...”

రాజుగారికి ఘాటు రోడ్డు పక్కనున్న లోయ కళ్లకు కట్టింది. ముఖం పాలిపోయింది. అంతలోనే ఎక్కడినుంచి వచ్చిందో నవ్వొచ్చింది. డ్రైవరు ఉద్యోగం నిలిచింది, హారమూ మిగిలింది.

“శాస్త్రీ, మా ప్రాణాలు కాపాడావు. ఆ కారు నీకే ఇచ్చేశాను, తీసుకుపో!”

శాస్త్రి సాష్టాంగపడ్డాడు. “ప్రభో, నన్ను పొలిమేర దాటించండి చాలు. నడిచే వెళ్తాను!”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, కారుకు బదులు మేలైన ఎడ్ల జతను, కొత్త బండిని ఇప్పించారు. శాస్త్రి దానిమీదే ఇంటికి వెళ్లాడు. గుమ్మం ముందు పగ్గం లాగితే ఆగింది కూడా.